చిప్పగిరి ఆరాధనకు బయలుదేరే ముందు
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ కార్తీకంలో మనవాళ్ళు నలభై మంది చిప్పగిరి విజయదాసుల ఆరాధనకు కలిసి పోవాలని, ఒక రాత్రి అక్కడే విడిది చేసి దాసుల పదాలు పాడుకోవాలని కార్యవర్గం తీర్మానించింది. తీర్మానం రెండు వాక్యాల్లో అయిపోయింది. దానికి కావలసిన ఏర్పాట్లు వివరించమని నన్ను ఆదేశించారు. గుమాస్తాకు తీర్మానం కన్నా దాని కింద రాసే నోటే ముఖ్యం గదా!

తెలియని పిల్లల కోసం ఒక మాట. విజయదాసులు 1682లో ఇప్పటి రాయచూరు జిల్లా చీకలపర్విలో పుట్టి, చివరి రోజులు చిప్పగిరిలో గడిపి, 1755 కార్తీక శుద్ధ దశమినాడు అక్కడే దేహం చాలించారు. సుళాదులు రాయడంలో ఆయనది పెద్దచెయ్యి. ఆయన శిష్యులు గోపాలదాసులు, ఆ పరంపరలోనే మాన్వి జగన్నాథదాసులు. పదాలన్నీ కన్నడంలో ఉంటాయి. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 దాకా బళ్ళారి జిల్లాలోవే కాబట్టి మన అవ్వలు తెలుగులో పోట్లాడుకుని కన్నడంలో పాడుకునేవారు. మన మనవళ్ళకు ఆ లిపి రాదు. అందుకని ఒక పది పదాలు తెలుగు లిపిలో, మన కళ్ళకు ఆనేంత పెద్ద అక్షరాలతో అచ్చు వేయిద్దాం. సుళాది ఒక్కటే చాలాసేపు పడుతుంది, తాళాలు మారతాయి. కనుక అందరూ గొంతు కలపగలిగే చిన్న పదాలే మేలు.

మొదట తేదీ. గోడకు తగిలించిన క్యాలెండరు చూసి బస్సు మాట్లాడవద్దు. దశమి స్పర్శ ఉన్న ఏకాదశిని మధ్వులు పాటించరు. అందువల్ల ఒక్కో ఏడు తేదీ ఒకరోజు తేడా వస్తుంది. మఠం పంచాంగం చూసి, చిప్పగిరిలో ఒకసారి విచారించుకుని, అప్పుడే అడ్వాన్సు ఇవ్వాలి. తిథి శని ఆదివారాల్లో పడితే ఉద్యోగాల్లో ఉన్న పిల్లలు కూడా వస్తారు. పడకపోతే మనమే పోతాం. తిథి మన సెలవుల కోసం ఆగదు.

బస్సు సంగతి. ప్రత్యేకంగా బస్సు మాట్లాడుకుంటే ఆర్టీసీ రాయితీలు వర్తించవు. మామూలు సర్వీసులో పోతే అరవై దాటినవారికి టిక్కెట్టులో 25 శాతం తగ్గుతుంది. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి టిక్కెట్టే లేదు, గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. డబ్బు లెక్కన చూస్తే సర్వీసు బస్సే లాభం. అయినా నేను ప్రత్యేక బస్సుకే ఓటు వేస్తాను. కారణం, అర్ధరాత్రి ఎవరికైనా బాగాలేకపోతే చేతిలో బండి ఉండాలి. పెద్ద ఆసుపత్రి కావాలంటే గుంతకల్లు గాని, ఆదోని గాని పోవాలి. 108కి ఫోను చేస్తాం సరే, అది వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేం. డ్రైవరు విడిదిలోనే పడుకోవాలని ముందే మాట తీసుకోవాలి. ఇంకొకటి, అది నల్లరేగడి నేల. కార్తీకంలో తుపాను వాన రెండు గంటలు కురిసిందంటే చేలో దిగిన బస్సు మళ్ళీ కదలదు. బండి ఎప్పుడూ తారురోడ్డు మీదే నిలపాలి.

విడిదికి ఊరి బయట ఖాళీ స్థలం, షామియానా, పైన టార్పాలిన్ పట్టా. తెల్లవారుజామున మంచు పడుతుంది. ఎమ్మిగనూరు దుప్పటి ఒకటి కింద, ఒకటి పైన. మాచాని సోమప్పగారి పుణ్యమా అని మన ఇళ్ళలో వాటికి కొదవ లేదు. మంకీ క్యాపు పెట్టుకోవడానికి ఎవరూ సిగ్గుపడనక్కరలేదు.

ఇక ఎవరూ సభల్లో మాట్లాడని విషయం, మరుగుదొడ్డి. ఇలాంటి ప్రయాణాల్లో మన ఆడవాళ్ళు ఏం చేస్తారో నేను చూశాను. పొద్దుటి నుంచి నీళ్ళు తాగడం మానేస్తారు. బీపీకి నీళ్ళ మాత్ర వేసుకునేవారు దాన్ని కూడా మానేస్తారు. సాయంత్రానికి కళ్ళు తిరిగి పడతారు. మగవాళ్ళలో ప్రోస్టేటు బాధ ఉన్నవారికి రాత్రి నాలుగైదుసార్లు లేవక తప్పదు. కాబట్టి మన ఖర్చుల జాబితాలో మైకు కన్నా, వంట కన్నా ముందు రాయవలసింది రెండు తాత్కాలిక మరుగుదొడ్లు, మడత పెట్టే కమోడ్ కుర్చీలు రెండు, దారి పొడవునా దీపాలు. షామియానాకు ముప్పై అడుగుల్లోపే ఉండాలి. రాత్రి ఎవరూ ఒంటరిగా పోకూడదు. పక్కన పడుకున్నవారిని లేపితే ఎవరూ విసుక్కోకూడదు.

అన్నిటికన్నా నాకు భయం ఉపవాసం గురించి. లెక్క చూడండి. దశమినాడు మధ్యాహ్నం తీర్థప్రసాదం. ఆ రాత్రి భోజనం లేదు. మరునాడు ఏకాదశి, కొందరు నీళ్ళు కూడా ముట్టరు. ద్వాదశి పొద్దున పారణ. మొత్తం నలభై గంటలు. ఆరోగ్యవంతులు ఉండగలరు. చక్కెర వ్యాధికి మాత్రలో ఇన్సులినో తీసుకునేవారు మామూలు మోతాదు వేసుకుని ఖాళీ కడుపుతో ఉంటే ప్రాణం మీదికి వస్తుంది.

కొన్నేళ్ళ కిందట ఇలాంటి ఒక ఆరాధనకు మాతో వచ్చిన ఒక మిత్రుడు పొద్దున్నే మాత్ర వేసుకున్నాడు. పూజ ముగిసి విస్తర్లు వేసేసరికి మధ్యాహ్నం మూడయింది. చెమటలు పట్టి చేతులు వణుకుతుంటే భార్య, “ఏమండీ, ఒక పండైనా తినండి” అని బతిమాలింది. “ఏమీ కాదులేప్పా, దేవుని సన్నిధిలో ఉండాం” అని నాకేసి చూసి నవ్వాడు. కొంతసేపటికి మాట తడబడి, నన్ను గుర్తుపట్టలేదు. ఎవరో పానకం తాగించారు, బతికిపోయాడు. ఆ పానకం పోసిన ఆయన పేరు కూడా మాకు తెలియదు.

అందుకని ఈసారి నియమాలు పెడుతున్నాను. చక్కెర ఉన్న ప్రతి ఒక్కరూ పదిరోజుల ముందే డాక్టరును కలిసి, భోజనం ఆలస్యమైతే ఏ మందు ఎంత వేసుకోవాలో, ఉపవాసం ఉండవచ్చునో లేదో రాయించుకుని రావాలి. ఉండవద్దంటే ఉండకూడదు. వారికోసం డబ్బాలో పలహారం మనతోనే వస్తుంది. దశమి రాత్రి, ఏకాదశి పొద్దున బస్సులో కూర్చుని తినవచ్చు. తినేవారిని చూసి ఎవరైనా ఒక్క మాట అన్నారంటే వారిని వచ్చే ఏడు పిలవను. ప్రతివారి జేబులో గ్లూకోజు పొడి పొట్లం ఉండాలి. చెమట, వణుకు, తడబాటు కనిపిస్తే మూడు చెంచాలు నీళ్ళలో కలిపి ఇవ్వాలి. పావుగంటకు తగ్గకపోతే మళ్ళీ ఇవ్వాలి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏదీ పోయవద్దు, వెంటనే బండి ఎక్కించండి. ఏకాదశి మధ్యాహ్నానికల్లా తిరిగి బయలుదేరుదాం. పారణ ఎవరి ఇంట్లో వారు చేసుకోవచ్చు.

పాట సంగతి చివరికి వచ్చింది, క్షమించాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు పెట్టరాదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. పదిలోపు వాడుకోవడానికైనా పోలీసు స్టేషనులో అర్జీ ఇచ్చి అనుమతి తీసుకోవాలి. నన్నడిగితే పది తర్వాతే అసలు పాట. తంబూర, తాళాలు, చిడతలు చాలు. నలభై మంది గుండ్రంగా కూర్చుంటే మైకు ఎందుకు? కింద కూర్చోలేనివారికి కుర్చీలు వలయంలోనే వేయాలి, వెనక వరుసలో కాదు. గొంతు బాగాలేదని ఎవరినీ ఆపవద్దు. నిద్ర వచ్చినవారిని పడుకోనివ్వండి.

డబ్బు విషయం. ప్రస్తుతానికి తలకు 500 రూపాయలు అడ్వాన్సు, రసీదు ఇస్తాం, తిరిగి వచ్చిన వారంలో లెక్క నోటీసు బోర్డులో పెడతాం. మామూలు రేటు కుటుంబ పెన్షన్ జీతంలో 30 శాతం. దాంతో ఇల్లు నడుపుకునే అక్కచెల్లెళ్ళు డబ్బు చూసుకుని ఆగిపోతారేమోనని నా అనుమానం. వారు సగం ఇస్తే చాలు, మిగతాది ఇవ్వడానికి ఇప్పటికే కొందరు ముందుకు వచ్చారు. ఎవరు సగం ఇచ్చారో కోశాధికారికి తప్ప ఎవరికీ తెలియదు. నాకు కూడా చెప్పరు.

ఆధారు, హెల్త్ కార్డు, మందుల చీటీ, ఇంటివాళ్ళ ఫోను నంబరు ఒకే కవరులో పెట్టి మెడలో వేసుకునేలా సంచులు కుట్టిస్తున్నాం. పేర్లు ఇవ్వదలచినవారు సభ ముగిశాక ఆ తలుపు పక్క బల్ల దగ్గరికి రండి. మందుల చీటీ జిరాక్సు వెంట తెచ్చుకుని ఉంటే ఇప్పుడే ఇచ్చేయండి. సెలవు.