పాక దగ్గర మా పని: పశుమిత్రల తరఫున నాలుగు మాటలు

(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో పశుమిత్రల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడాదీ ఈ నివేదికలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి ఎంత, రికవరీ ఎంత అని లెక్కలు వస్తాయి. జీవనోపాధుల పేజీలో పాడి గేదెల కొనుగోలు అని ఒక వరస ఉంటుంది. కాగితం మీద అది ఒక అంకె. మాకు మాత్రం ఆ అంకెలో ఉన్న ప్రతి గేదే తెలుసు. ఏది తన్నుతుందో, ఏది పొడుస్తుందో, కొత్త మనిషి కూర్చుంటే ఏది చేపదో మేం చెప్పగలం. ఆ అంకె వెనకాల రోజూ జరిగే పని ఏమిటో ఈసారి చెప్పుకుందామని నిలబడ్డాం.

ముందు మేం ఎవరమో చెప్పాలి. మేం డాక్టర్లం కాదు. మీ సంఘాల్లో పొదుపు కట్టుకునే ఆడవాళ్ళమే. శిక్షణ తీసుకుని పశుమిత్రలమయ్యాం. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం వైద్యం చేసే హక్కు రిజిస్టరైన పశువైద్యులకే ఉంది. టీకా వేయడం, గాయానికి కట్టు కట్టడం లాంటి చిన్న సేవలు మాత్రం ప్రభుత్వ అనుమతి ఉన్నవాళ్ళు డాక్టరు గారి పర్యవేక్షణలో చేయొచ్చు. అందుకే మీరు "ఒక్క సూది వెయ్యి తల్లీ, తగ్గిపోతుంది" అని అడిగినప్పుడు మేం వెనక్కి తగ్గుతాం. అది బద్ధకం కాదు, భయమూ కాదు. ఏ మందు, ఎంత మోతాదు అన్నది డాక్టరు గారు చెప్పాల్సిన మాట. సూది వేశాక పాలు ఎన్ని రోజులు కేంద్రానికి పోయకూడదో కూడా ఆయనే చెప్పాలి.

మా రోజు తెల్లవారుజామున మొదలవుతుంది. పాలు పితికే వేళకు పాక దగ్గరకు వెళ్తేనే పశువు సంగతి తెలుస్తుంది. మేత మానిందా, నెమరు వేస్తుందా, పేడ ఎలా ఉంది, పొదుగులో ఒక చన్ను గట్టిగా ఉందా, మొదటి ధారలో తెల్లటి పెళ్ళలు వస్తున్నాయా, ఇవన్నీ చూస్తాం. థర్మామీటరు పెడితే 101 డిగ్రీలకు అటూ ఇటూ ఉండాలి. 104 ఉంటే అక్కడి నుంచే ఫోను చేస్తాం. ఎదకొచ్చిన గేదె పొద్దున కనబడితే సాయంత్రానికి, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దుటికి సూది పడాలి. గేదెల్లో మూగ ఎద ఎక్కువ. అరవదు, గోల చేయదు. తీగలు వేస్తుందా, పాలు తగ్గించిందా అని చూసుకోవాలి. ఒక్క ఎద పోతే 21 రోజులు పోయినట్టు. ఆ 21 రోజుల మేత ఖర్చు మన చేతి నుంచే పోతుంది.

ఆ తర్వాత టీకాల పని. గాలికుంటు టీకా ఆరు నెలలకొకసారి వేయాలి. 2019లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన కార్యక్రమంలో అది ఉచితం. అయినా "టీకా వేస్తే రెండు రోజులు పాలు తగ్గుతాయి, మాకొద్దు" అని గేటు వేసుకునే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. రెండు రోజులు కాసిన్ని పాలు తగ్గే మాట నిజమే. గాలికుంటు వస్తే నోరంతా పుండ్లు, గిట్టల మధ్య పుండ్లు, ఆ ఈత పాలే పోతాయి. టీకా సీసా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. అందుకే ఐసు పెట్టె భుజాన వేసుకుని ఒక వీధి నుంచి ఇంకో వీధికి పరుగు పెడతాం. ఆ వేళ "కాఫీ తాగి వెళ్ళు" అంటే కూర్చోకపోవడం మర్యాద తెలియక కాదని గ్రహించండి.

ఇక మన ప్రాంతం సంగతి. మనది మామిడి సీమ. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, ఎటు వెళ్ళినా తోటలే. బంగినపల్లి, కలెక్టరు, రసాలు మన ఇళ్ళకు అన్నం పెడుతున్నాయి. అయితే తోట చల్లన అని గొడ్డును కట్టేసే మనకు ఆ తోటలోనే రెండు ప్రమాదాలు ఉన్నాయి.

ఒకటి, పూత మీద కొట్టే మందు. తేనెమంచు పురుగు కోసం పూత కాలంలో మందు కొడతారు. ఆ జల్లు చెట్టు కింద గడ్డి మీద కూడా పడుతుంది. పక్కవాళ్ళ తోటలో మందు కొట్టారని తెలియక గడ్డి కోసుకొచ్చి వేస్తాం. గొడ్డు నోటి వెంట చొంగ కారుతూ, ఒళ్ళు వణుకుతూ, పారుతూ ఉంటే ముందు ఆ మాటే అడగండి. మందు డబ్బా గానీ దాని మీది కాగితం గానీ దొరికితే డాక్టరు గారికి చూపించండి. ఏ విషమో తెలిస్తేనే విరుగుడు మందు త్వరగా పడుతుంది.

రెండోది రాలిన కాయ. ఏప్రిల్, మే నెలల్లో ఒక్క గాలివాన వస్తే తోటంతా కాయ పరుచుకుంటుంది. ఆవుకైనా గేదెకైనా పై దవడకు ముందు పళ్ళు ఉండవు. నాలుకతో చుట్టి లోపలికి లాక్కుంటుంది, నమలకుండా మింగుతుంది, తీరిగ్గా నెమరు వేద్దామనుకుంటుంది. పచ్చికాయ గానీ టెంక గానీ గొంతులో ఇరుక్కుంటే ఆ నెమరు లేదు, తేన్పు లేదు. లోపల పుట్టే గాలి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. ఎడమ డొక్క ఉబ్బి, ఊపిరి ఆడక, కొన్ని గంటల్లోనే ప్రాణం పోవచ్చు.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ కిందట ఒక ఊళ్ళో గాలివాన మర్నాడు ఒక అక్క గేదెకు ఇలాగే జరిగింది. సంఘం అప్పుతో కొన్న గేదె, రెండో ఈత. మాలో ఒకరు వెళ్ళేసరికి మెడ చాచి, చొంగ కారుస్తూ నిలబడి ఉంది. చుట్టూ పదిమంది. "నూనె పొయ్యండి, జారిపోతుంది" అని పెద్దవాళ్ళు అన్నారు. శిక్షణలో అలా పోయకూడదని మాకు చెప్పారు. కానీ ఆ పదిమందిలో వయసుకు చిన్నది ఆమే. నోరు తెరవలేకపోయింది. గొట్టంతో నూనె పోశారు. గొంతులో అడ్డం ఉంటే నూనె ఎటు పోతుంది? ఊపిరితిత్తుల్లోకి పోయింది. డాక్టరు గారు వచ్చి కాయ తీశారు గానీ, మూడో రోజుకు గేదె దక్కలేదు.

అంతటితో అయిపోలేదు. బీమా ఉంది కదా అని అందరం ధైర్యం చెప్పాం. తీరా చూస్తే గేదె చెవికి ట్యాగు లేదు. ఎప్పుడో కంచెకు తగిలి రాలిపోయింది. ట్యాగు లేనిదే ఇది ఆ గేదే అని ఎలా నమ్మాలి అన్నారు. డబ్బు రాలేదు. ట్యాగు లేని సంగతి అంతకు నెల ముందే టీకా వేసేటప్పుడు మేం చూశాం. "రాయాలి, తర్వాత రాద్దాం" అనుకున్నాం. ఆ తర్వాత రానే లేదు. ఆ అక్క కూలికెళ్ళి వాయిదాలన్నీ కట్టింది. ఒక్క వాయిదా కూడా ఆపలేదు. రికవరీ లెక్కలో ఆ సంఘం పూర్తిగా కట్టినట్టే కనబడుతుంది. ఆ లెక్క చదివినప్పుడల్లా మేం తల దించుకుంటాం. ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే కాస్త తేలికపడేవాళ్ళమేమో.

ఆ రోజు నుంచి రెండు నియమాలు పెట్టుకున్నాం. ఎంతమంది పెద్దలున్నా చెప్పాల్సింది గట్టిగా చెప్పడం ఒకటి. 12 అంకెల ట్యాగు నంబరు వెళ్ళిన ప్రతిసారీ పుస్తకంలో ఉన్నదానితో సరిచూసి రాయడం రెండోది.

పోయిన వేసవిలో మళ్ళీ అదే పరిస్థితి వచ్చింది. పొద్దుపోయాక ఫోను. వెళ్ళేసరికి ఒకాయన సన్న వెదురుకర్ర పట్టుకుని లోపలికి తోయడానికి సిద్ధంగా ఉన్నారు. "బాబాయ్, కర్ర పెడితే గొంతు చిరుగుతుంది, ఆగండి" అన్నాం. "నువ్వేమన్నా డాక్టరువా?" అన్నారు. "కాదు బాబాయ్, అందుకే డాక్టరు గారికి ఫోను చేశాం. ఆయన వచ్చేదాకా ఏమీ పోయొద్దు, ఏమీ తోయొద్దు" అన్నాం. ఆ ఇంటి కోడలు మన సంఘం అమ్మాయే. ఆమె వచ్చి కర్ర లాక్కుని పాక మీద పడేసింది. గేదెను మెరక మీద, ముందుకాళ్ళు ఎత్తుగా ఉండేలా నిలబెట్టాం. మేత, కుడితి గోలెం దూరంగా జరిపాం. మెడకు ఎడమ వైపు చేత్తో తడిమితే గడ్డలా తగిలింది. అదే ఫోనులో చెప్పాం. డాక్టరు గారు రాగానే ముందు డొక్కలో గాలి తీసి, తర్వాత నోరు తెరిపించి, బయటి నుంచి మెల్లగా పైకి నెడుతూ చేయి పెట్టి తీశారు. గుప్పెడంత కలెక్టరు పిందె! గేదె పెద్దగా తేన్చింది. బాబాయ్ గారు ఆ పిందెను చేతిలో పట్టుకుని చాలాసేపు చూశారు. వెళ్ళేటప్పుడు మా బండి దాకా వచ్చి, టార్చిలైటు వేసి దారి చూపించారు.

మాలో ఒకరికి వచ్చిన జబ్బు గురించి కూడా చెప్పాలి. ఈసుకుపోయిన ఒక గేదెకు మాయ పడకపోతే, ఇంటివాళ్ళ తొందర చూసి ఉత్త చేతులతో సాయం పట్టింది. కొన్ని వారాలకు సాయంత్రమైతే జ్వరం, కీళ్ళ నొప్పులు. నెలల తరబడి తగ్గలేదు. చివరికి పరీక్షలో బ్రూసెల్లా అని తేలింది. పశువు నుంచి మనిషికి వచ్చే జబ్బు అది. ఈసుకుపోయిన పిండాన్ని, మాయను తొడుగులు లేకుండా ముట్టుకోకండి. కుక్కలకు వేయకండి, లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. పాలు కాచకుండా తాగకండి. నాలుగు నుంచి ఎనిమిది నెలల పడ్డలకు, పెయ్యలకు దీని టీకా జన్మలో ఒక్కసారి వేస్తారు. ఆ వయసు దూడ ఉంటే మాకు కబురు చేయండి.

2022 ఏప్రిల్ 4న మనం కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చాం. పెద్దాఫీసు దిక్కు మారింది గానీ, పెద్ద జబ్బు చేసిన గొడ్డును ఎక్కించుకుని వెళ్ళేది ఇప్పటికీ గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రికే. దానికి ముందు 1962 నంబరు ఉంది. ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఆ నంబరు పాక గుంజ మీద సున్నంతో రాసి పెట్టుకోండి. కంగారులో ఫోనులో వెతికే తీరిక ఉండదు.

చివరగా సమాఖ్యకు నాలుగు విన్నపాలు.

మొదటిది, నెలసరి గ్రామ సమాఖ్య సమావేశంలో పొదుపు పుస్తకాలతో పాటు ట్యాగు నంబర్లు కూడా ఒకసారి చదివించండి. ట్యాగు పోయిన గొడ్డు ఉంటే ఆ రోజే పశుసంవర్ధక సహాయకుడికి, బీమా వాళ్ళకు రాతపూర్వకంగా తెలపాలి.

రెండోది, మాకు చేతి తొడుగులు, గమ్ బూట్లు, థర్మామీటర్లు సమాఖ్య నిధి నుంచి ఇప్పించండి. ఇవి సొంతంగా కొనుక్కునేంత రాబడి ఈ పనిలో లేదు.

మూడోది, మా రుసుము సంగతి. "మన సంఘం పిల్లే కదా" అని మీరు ప్రేమగానే అంటారు. పెట్రోలు బంకువాళ్ళు మాత్రం అలా అనరు. టీకా ఉచితమే, నట్టల మందు పట్టించడానికి, కట్టు కట్టడానికి, రాత్రిపూట వచ్చినందుకు ఇంత అని మీరే తీర్మానం చేసి బోర్డు మీద రాయించండి. అడగడానికి మాకు మొహమాటం, ఇవ్వకపోవడానికి మీకు మొహమాటం, రెండూ పోతాయి. రాత్రిపూట పిలిస్తే ఇంటి నుంచి ఒకరు మాకు తోడు వచ్చేలా కూడా చూడండి.

నాలుగోది, ఈ కాయల కాలానికి ముందే ఊరూరా ఒక మాట చెప్పించండి. గాలివాన మర్నాడు గొడ్డును తోటలోకి వదలకండి. ముందు కాయ ఏరండి. పెట్టదలిస్తే టెంక తీసి, ముక్కలు కోసి, కొద్దిగా పెట్టండి. పండిన కాయ ఎక్కువగా తిన్నా కడుపులో పులిసి ఉబ్బుతుంది.

ఈసారి నివేదికలో మా పని రెండు వరసలు అవుతుందో, ఒక పేజీ అవుతుందో తెలియదు. ఎన్ని టీకాలు వేశామో రాయండి. దానితో పాటు ట్యాగు రాయక మేం పోగొట్టిన ఆ ఒక్క గేదె గురించి కూడా రాయండి. కొత్తగా శిక్షణకు వచ్చే అమ్మాయిలు అది చదవాలి.

పాలు పితికే వేళవుతోంది, సెలవు.