ఫోను మ్రోగినప్పుడు

మంచిర్యాల జిల్లాలోని శ్రీరాంపూర్ సింగరేణి బొగ్గుగనుల ప్రాంతము. ఇచ్చటి జనులు గనిని ‘బాయి’ అందురు. బాయిలో మూడు షిఫ్టులుగా పని జరుగును గనుక ఈ ఊరిలో అందరికిని ఒకేవేళ రాత్రి కాదు. రాత్రి షిఫ్టు ముగించి ఇల్లు చేరిన కార్మికునకు పట్టపగలే నిద్రవేళ. అతడు స్నానము చేసి, ఇంత తిని, కిటికీలు మూసి పడుకొనును. కన్ను మూతపడునంతలో ఫోను మ్రోగును. ఉలికిపడి లేచి చెవి కానించుకొనగా అవతలినుండి ఒక తియ్యని కంఠము, అప్పు కావలెనా, ప్లాటు కావలెనా, క్రెడిట్ కార్డు కావలెనా అని అడుగును. అక్కరలేదని పెట్టివేసిన అరగంటకు మరియొక పిలుపు. ఆనాటి నిద్ర అంతటితో సరి. ఆ రాత్రి మరల అతడు బాయిలోనికి దిగవలసినవాడు. గనిలో నిద్రమత్తు ఎంత ప్రమాదకరమో వేరుగ చెప్పనక్కరలేదు.

‘అట్లయినచో ఫోను కట్టివేయరాదా?’ అని ఇతర ప్రాంతములవారు అడుగవచ్చును. ఇచ్చటి ఇండ్లలో అది అంత సులభము కాదు. బొగ్గుగనిలోనికి సెల్‌ఫోను తీసికొనిపోనీయరు. లోపలనున్నవాని సమాచారము పైనున్నవారి ద్వారానే ఇంటికి చేరవలెను. 2021 నవంబరు 10న శ్రీరాంపూర్ ప్రాంతపు ఎస్.ఆర్.పి. 3, 3ఏ గనిలో పైకప్పు కూలి నలుగురు కార్మికులు మరణించిరి. అట్టి దినమును చూచిన ఊరిలో, భర్తయో కొడుకో షిఫ్టులో నుండగా ఫోను మ్రోగినచో, తీయక ఊరకుండగల ఇల్లాలు ఉండదు. తెలియని సంఖ్యయైనను తీయును. తీసినపిమ్మట అది వట్టి అంగడి ప్రకటన! అక్కరలేని పిలుపుల బాధ అన్ని ఊళ్లలోను కలదు. గనుల ఊరిలో మాత్రము అది చీకాకుతో ఆగదు, భయముగా మారును.

ఈ బాధ నేడు పుట్టినది కాదు. 1864 మే నెలలో లండను నగరమున కొందరు పార్లమెంటు సభ్యుల ఇండ్లకు రాత్రివేళ తంతి వచ్చెను. ఏ ఉపద్రవమో యని విప్పి చూడగా, అందున్నది ఒక దంతవైద్యశాల ఫలానా వేళలలో తెరచియుండునను ప్రకటన! అందుకొన్నవారిలో ఒకరు కోపించి టైమ్సు పత్రికకు లేఖ వ్రాసిరి. మన దేశమున తంతి సేవ 2013 జూలైలో ముగిసినది. మన పెద్దల కాలమున తంతి యన్నచో ఇంటిల్లిపాదికి గుండె దడయే. అత్యవసరమునకు ఉపయోగపడవలసిన మార్గమును సరకుల అమ్మకమునకు వాడుకొనుట అప్పటి తప్పు, ఇప్పటి తప్పును అదియే. మేము రేడియోవారము, మా మాట వలదనుకొన్నవారు మీట త్రిప్పి మమ్ము ఆపవచ్చును. ఫోనులో మాటలాడువారు ఆ అవకాశము మనకు ముందుగా ఇయ్యరు.

అయితే అవకాశము బొత్తిగా లేకపోలేదు. టెలికాం నియంత్రణ సంస్థ, అనగా ట్రాయ్, ఈ విషయమై 2007లో మొదటి నిబంధనలు చేసెను. 2010లో వానిని మార్చెను. 2018లో సమగ్రముగ కొత్తవి చేసెను. 2025 ఫిబ్రవరి 12న వానిని సవరించెను. వాని ప్రకారము ఎవరైనను తమ ఫోనునుండి ‘స్టార్ట్’ అను ఆంగ్లపదమును, ప్రక్కన సున్నను వ్రాసి 1909 సంఖ్యకు సందేశము పంపినచో, వ్యాపార ప్రకటనలన్నియు వలదని నమోదగును. సందేశము వ్రాయలేనివారు అదే సంఖ్యకు ఫోను చేసియు చెప్పవచ్చును. అన్నియు వలదనక, అప్పుల ప్రకటనలు వలదు, ప్లాట్ల ప్రకటనలు వలదు అని వర్గములవారీగా ఎన్నుకొనుటకును వీలు కలదు.

ఇచ్చట కొందరికి ఒక సందేహము కలుగును. అన్నియు వలదన్నచో జీతము బ్యాంకులో పడినదను సందేశము కూడ ఆగిపోవునా? ఆగదు. మన ఖాతాకు సంబంధించిన లావాదేవీల సందేశములకు ఈ నిషేధము వర్తింపదు. ఆగునవి ప్రకటనలు మాత్రమే.

నమోదు చేసిన తరువాతను పిలుపు వచ్చినచో ఏడు దినములలోగా 1909కు ఫిర్యాదు చేయవలెను. పిలిచినవారి సంఖ్య, తేది, వారు చెప్పిన సంగతి టూకీగా తెలిపిన చాలును. వ్యాపారిగా నమోదు కాకయే మామూలు సంఖ్యనుండి ప్రకటనలు చేయువారిపై, మనము ముందుగా ఏదియు నమోదు చేయించుకొనకున్నను ఫిర్యాదు చేయవచ్చును. తప్పు రుజువైనచో అట్టివాని ఫోన్లనుండి పదిహేను దినములపాటు పిలుపులు పోనీయరు; తప్పు మరల జరిగినచో ఒక సంవత్సరము సంబంధమే తెంచివేయుదురు. ‘మన ఒక్కరి ఫిర్యాదుతో ఏమగును?’ అని ఊరకుండువారు పెక్కురు. అందరును ఊరకుండుటయే పిలుచువారికి బలము.

వచ్చినది ఎట్టిదో పోల్చుకొనుటకు కొన్ని గుర్తులును ఏర్పడినవి. 140తో మొదలగు సంఖ్య వ్యాపార ప్రకటనలకు, 1600తో మొదలగునది బ్యాంకుల వంటి ఆర్థిక సంస్థల, ప్రభుత్వ కార్యాలయముల సేవాసంబంధమైన పిలుపులకు కేటాయింపబడినవి. సందేశము పంపినవారి పేరు చివర ‘పి’ అను ఆంగ్లాక్షరమున్నచో అది ప్రకటన, ‘ఎస్’ అన్నచో సేవ, ‘టి’ అన్నచో లావాదేవి, ‘జి’ అన్నచో ప్రభుత్వము. బ్యాంకువారమని చెప్పుకొనుచు, మామూలు పది అంకెల సంఖ్యనుండి వచ్చు సందేశమును అనుమానింపవలెను.

ఇంతవరకు చెప్పినది వ్యాపారుల సంగతి. వారు చట్టమునకు లోబడువారు, లేదా భయపడువారు. దొంగల సంగతి వేరు. 1909లో నమోదైనదా లేదా అని దొంగ చూడడు. అతడు చూచునది మన ఆశను, మన భయమును.

గనుల ప్రాంతమున ఆశలు, భయములు ఏవో అతనికి తెలియును. దసరాకు ముందు లాభములలో వాటా, దీపావళికి ముందు బోనసు కార్మికుల చేతికి వచ్చును. పదవీవిరమణ చేసినవారికి గ్రాట్యుటీ, ప్రావిడెంటు ఫండు ఒక్కసారిగ అందును. పింఛనుదారులు ఏటేట తాము జీవించియున్నట్లు ధ్రువపత్రము ఈయవలెను. డిపెండెంటు ఉద్యోగమునకై ఎదురుచూచు పిల్లలు ఇంటింట నుందురు. ‘మీ పింఛను ఆగిపోవును, వెంటనే ఈ లింకు నొక్కుడు’ అనియు, ‘మీ అబ్బాయికి ఉద్యోగము సిద్ధము, ముందుగ ఇంత కట్టుడు’ అనియు మాట వచ్చినచో, మనసు క్షణము తొందరపడుట సహజము. ఆ క్షణమే దొంగకు కావలసినది.

పోలీసు దుస్తులలో వీడియోలో కనబడి, మిమ్ము ‘డిజిటల్ అరెస్టు’ చేసితిమని బెదిరించువారును కలరు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ఆకాశవాణి ‘మన్ కీ బాత్’ ప్రసంగమున ఈ మోసమునే ప్రస్తావించి, చట్టములో అట్టి అరెస్టు లేదని స్పష్టము చేసిరి. ముందు ఆగుము, ఆలోచింపుము, పిమ్మట చర్య తీసికొనుము అని మూడు మెట్లు చెప్పిరి.

బాయి పనివారికి ఈ మాట కొత్త కాదు. గనిలో పైకప్పు చూచుటకు గట్టిగనే కనబడును. అయినను అనుభవశాలి కర్రతో తట్టి మోత వినును. గట్టి మోత వచ్చినచో అడుగు వేయును. డొల్ల మోత వచ్చినచో వెనుకకు జరుగును, తోటివారిని జరుపును. ఫోను మాటను కూడ అట్లే తట్టి చూడవలెను. ‘మంచిది, నేనే మరల ఫోను చేసెదను’ అని పెట్టివేసి, పాసుపుస్తకముపైనున్న సంఖ్యకో, స్వయముగ బ్యాంకునకో, గని కార్యాలయమునకో పోయి అడుగవలెను. నిజమైన సంగతి గంట ఆలస్యమునకు చెడిపోదు. గంట ఆగనీయనిది డొల్ల. ఓటీపీ అడుగునది ఏ సంఖ్యనుండి వచ్చినను డొల్లయే.

మోసమని తోచిన పిలుపును, వాట్సాప్ సందేశమును ప్రభుత్వపు ‘సంచార్ సాథీ’లోని ‘చక్షు’ విభాగమున తెలుపవచ్చును. డబ్బు పోయినచో వెంటనే 1930కు ఫోను చేయవలెను. దొంగ దానిని చేతులు మార్చి తీసికొనకముందే ఖాతాలో నిలుపుదల చేయుటకు వీలుండును గనుక, అచ్చట మాత్రము ప్రతి నిమిషమును విలువైనదే. సిగ్గుపడి దాచుకొన్నవారు దొంగకే మేలు చేసినవారగుదురు.

ఇక మొదట చెప్పిన పగటి నిద్ర సంగతి. నేటి ఫోన్లలో ఒక సదుపాయము కలదు. గని కార్యాలయము, సింగరేణి ఆస్పత్రి, ఒకే షిఫ్టులోని ఇద్దరు ముగ్గురు తోటివారు, దగ్గరి బంధువులు, వీరి సంఖ్యలను పేర్లతో వ్రాసికొని, నిద్రవేళ ఆ సంఖ్యలు మాత్రమే మ్రోగునట్లు ఏర్పాటు చేసికొనవచ్చును. తెలియని సంఖ్యయైనను వెంటవెంట రెండవసారి పిలిచినచో మ్రోగునట్లును చాల ఫోన్లలో చేయవచ్చును. షిఫ్టులో మనిషియున్న ఇంటిలో ఇల్లాలి ఫోనుకును ఇదే ఏర్పాటు. ఇంటిలో చదువుకొన్న పిల్లలు ఈ పని పది నిమిషములలో చేసిపెట్టగలరు. చేసిన పిమ్మట, తోటివాని ఫోనునుండి ఒకసారి పిలిపించి, మ్రోగుచున్నదో లేదో తప్పక సరిచూచుకొనవలెను.

రాత్రియంతయు భూమి క్రింద పనిచేసి వచ్చినవాడు పగలు నిశ్చింతగ నిద్రింపవలెను. వినవలసిన పిలుపు వచ్చిననాడు అది ఆ ఇంటివారికి తప్పక వినబడవలెను. ఈ రెండును ఒకే ఇంటిలో సాధ్యములే. ఈ ఆదివారము ఒక పది నిమిషములు అందుకై కేటాయింపుడని శ్రోతలకు మా మనవి.