అడ్డా మీద నిలిచిన మన బిడ్డలు

(చేవెళ్ల, మొయినాబాద్ సంఘముల యౌవనస్థుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



శతాబ్ది ఉత్సవముల వేళ గడచిన నూరేండ్లను తలంచుకొనుచున్నాము. అది యుక్తమే. అయితే ఈ పూట మేము వెనుక బెంచీలలో కూర్చున్నవారిని గూర్చి మాట్లాడగోరుచున్నాము. డిగ్రీ ముగిసినది, బి.టెక్. ముగిసినది, ఉద్యోగము రాలేదు. ఆరాధన కాగానే వారు పక్క ద్వారమున వెళ్లిపోవుచున్నారు. ఎందుకని ఒక తమ్ముని అడిగితిమి. "గేటు కాడ అందరు ఒక్కటే అడుగుతున్నరు అయ్యగారూ, ఇంక నౌకరి రాలేదా అని" అనెను.

మత్తయి సువార్త 20వ అధ్యాయములోని ద్రాక్షతోట పనివారి ఉపమానము మీకు తెలిసినదే. ప్రొద్దు గ్రుంకు వేళకు కూడ కొందరు సంత వీధిలో నిలిచియున్నారు. వారు సోమరులు కారు. వారిని పనికి పిలిచినవారు లేరు. పట్నములో తెల్లవారుజామున సద్ది డబ్బాతో అడ్డా మీద నిలుచుండు కూలీలను చూచినవారికి ఈ కథ విప్పి చెప్పనక్కరలేదు. నేడు ఆ అడ్డా మీద పట్టా చేతబట్టుకొని మన బిడ్డలు నిలిచియున్నారు.

మన ప్రాంతపు సంగతి చూడుడి. మొయినాబాద్ చుట్టు ఇంజనీరింగు కాలేజీలు వెలసినవి. కాని చదివినవానికి ఊరిలో పని లేదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల రక్షణకై 1996లో వచ్చిన 111వ జీవో 84 గ్రామములలో కాలుష్య పరిశ్రమలను, పెద్ద కట్టడములను నిషేధించెను. ఆ నీటిని కాపాడుట మంచిదే. అయినను పొలములు అమ్ముడుపోయి ఫార్ము హౌసులు లేచినవి. తండ్రి దున్నిన పొలమునకు కొడుకు కాపలావాడైన సంగతి మేము కన్నులార చూచితిమి. చిలుకూరు గుడికి వీసా మొక్కులతో వచ్చు విద్యార్థులు మన రోడ్డు మీదనే పోవుదురు. మన ప్రార్థన చీటీలలోను ఆ వీసాయే కనబడుచున్నది. బిడ్డల కోరిక అంతటను ఒక్కటే.

ఉద్యోగము కరవైన చోట రాజకీయము వేడెక్కుట నేటి మాట కాదు. మొయినాబాద్ మండలపు పెద్దమంగళారములో పుట్టిన కొండా వెంకట రంగారెడ్డి గారు 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందముపై సంతకము చేసినవారిలో ఒకరు. స్థానికులకు కొలువులు దక్కవలెనన్న షరతు ఆ ఒప్పందములో కలదు. అది నిలువలేదన్న బాధతోనే 1969లో విద్యార్థులు వీధికెక్కిరి. నీళ్లు, నిధులు, నియామకాలు అను మూడు మాటలతో సాగిన ఉద్యమము ఫలించి 2014 జూన్ 2న రాష్ట్రము వచ్చెను. కనుక మన బిడ్డలు జెండా పట్టుకొనిన వెంటనే చెడిపోయిరని అనకుడి. వారి తాతలు కూడ ఈ ప్రశ్నతోనే జెండా పట్టిరి.

2022 అక్టోబరు 16న గ్రూప్-1 ప్రాథమిక పరీక్ష జరిగెను. మేము ఒక తమ్ముని తల మీద చేయి ఉంచి ప్రార్థించి పంపితిమి. ప్రశ్నపత్రములు బయటికి పొక్కినందున 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయ్యెను. జూన్ 11న మరల జరిగినదానిని సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసెను. అతడు మా ఇంటికి వచ్చి, "మీ ప్రార్థన దేవుడు విన్నడా, పేపరు అమ్మినోడు విన్నడా?" అని అడిగెను. మేము వేదాంత కళాశాలలో చదివిన జవాబులేవియు ఆ రాత్రి అక్కరకు రాలేదు. కలిసి అన్నము తింటిమి, అంతే.

తరువాత అతడు ఒక పార్టీ ఊరేగింపులో కనబడెను. అతని పినతండ్రి కొడుకు మరియొక పార్టీలో నుండెను. ఒకడు గులాబి, ఒకడు మూడు రంగులు, ఒకడు నీలము, ఒకడు కాషాయము: పండుగ పూట ఒక్క విస్తరి వరుసలో కూర్చుండలేకపోవుచున్నారు. ప్రభువు పన్నిద్దరిని పిలిచినప్పుడు సుంకము వసూలు చేసిన మత్తయిని పిలిచెను. జెలోతే అనబడిన సీమోనును కూడ పిలిచెను. ఒకే రొట్టె విరిచి ఇద్దరికిని ఇచ్చెను.

ఇక్కడ మా తప్పు కూడ ఒప్పుకొనవలెను. ఎన్నికల కాలమున కండువాతో వచ్చిన అభ్యర్థికి బలిపీఠము దగ్గర కుర్చీ వేసి శాలువ కప్పితిమి. వెనుక బెంచీలోని బిడ్డను ముందునకు పిలువలేదు.

మరియొక తప్పు ఇంతకంటె బరువైనది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవుడైన దళితుని షెడ్యూల్డు కులస్థుడుగ గుర్తించదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ అడ్డు తొలగెను, మనకు తొలగలేదు. మనవారికి బి.సి.-సి క్రింద ఒక్క శాతము మాత్రమే కలదు. ఈ విషయము పరిశీలించుటకు 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ గారి కమిషన్ నియమింపబడెను. చేవెళ్ల శాసనసభ స్థానము షెడ్యూల్డు కులములకు కేటాయింపబడినది. అదే వాడలో పుట్టి, అదే అవమానము పడిన మన బిడ్డ క్రైస్తవుడనని చెప్పినచో అక్కడ నిలువలేడు. ఒక చెల్లెలు తన పేరు సంఘ రిజిస్టరులో వ్రాయవద్దని బతిమాలినప్పుడు, విశ్వాసము లేదని మేము మందలించితిమి. కాగితము మీద అబద్ధము కూడదు, నిజమే. కాని నిజము చెప్పినందుకు వచ్చు నష్టమును ఆమె ఒక్కతెయే మోయవలెనా? ఆ మాట ఆనాడు మాకు తోచలేదు.

కరువు కాలమున మెదకులో పాస్నెట్ దొరగారు ప్రార్థనతో సరిపెట్టలేదు. ఆలయ నిర్మాణములో జనులకు పని చూపి అన్నము పెట్టిరి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ మహాలయపు రాళ్లలో పనివారి ఆకలి తీరిన కథ కలదు. మనము మరియొక మహాలయము కట్టనక్కరలేదు. ఆదివారము తప్ప తాళము పడియుండు మన హాలును చదువుకొనువారికి తెరువుదము. రాత్రి పది గంటల వరకు దీపము, ఫ్యాను, దినపత్రికలు ఉండనిండు. ఆఫీసులలో, బ్యాంకులలో, బడులలో పని చేయు సంఘస్థులు వారమునకొక పూట వచ్చి దరఖాస్తులు, ఇంటర్వ్యూలు నేర్పుదురు గాక. కోతపండుగ కానుకలో ఒక పాలు పరీక్ష ఫీజులకు, నిజము చెప్పి నష్టపోయినవారి చదువుకు ఉంచుదము. ఏ పార్టీ అభ్యర్థికిని బలిపీఠము దగ్గర కుర్చీ వేయకుందము. అన్ని జెండాల బిడ్డలకు ఒకే బల్ల వేయుదము.

యౌవనస్థులారా, ఓటు మీది. ఎవరికి వేయవలెనో మేము చెప్పము. మీరు మోయు జెండా మీ తమ్ముని ముఖమును మరుగుపరచకుండ చూచుకొనుడి, అంతియే మా మనవి.

ఉపమానములోని యజమానుడు ఉదయమున ఒక్కసారి వెళ్లి ఊరకుండలేదు. ప్రొద్దు వాలిన తరువాత కూడ మరల అడ్డాకు వెళ్లెను. మనము కూడ వెళ్లుదము. వచ్చే ఆదివారము గేటు దగ్గర ఆ పాత ప్రశ్న మాని, "భోజనమునకు మా ఇంటికి రా బిడ్డా" అని పిలుచుదము.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.