ఊరికి పోయే ముందు పిల్లల కోసం ఒక మాట

ఈసారి జీతాలు, వీసాల సంగతి పక్కన పెడదాం. ఇక్కడ అమెరికాలో బడికి సెలవులిచ్చే టైమూ, మన ఊళ్లల్లో వానలు పడి దోమలు లేచే టైమూ ఒకటే. అందుకే మలేరియా మాట. నేను డాక్టర్ని కాదు, ఐటీఐ చదివి సైట్ల మీద పని చేయించేవాణ్ణి. చదివి తెలుసుకున్నదే చెప్తున్నా.

"మనం పుట్టిన ఊరే కదా, ఏమైతది?" అంటారు మనోళ్లు. మలేరియా ఉన్న చోట పెరిగితే ఒంటికి కొంత తట్టుకునే శక్తి వస్తుంది. దేశం దాటాక అది తగ్గిపోతుంది. ఇక్కడే పుట్టిన పిల్లలకైతే అసలే ఉండదు.

టీకా రాలేదా అని అడుగుతారు. వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఒకటి, 2023లో ఇంకోటి సిఫారసు చేసింది. రెండోది మన పుణెలోనే తయారవుతుంది. కానీ అవి మలేరియా ఉన్న చోటే బతికే పసిపిల్లల కోసం. ప్రయాణికులకు ఇవ్వరు.

మనకు మాత్రలే దిక్కు. నెల ముందే డాక్టర్ని కలవండి. పిల్లల బరువు చూసి డోసు రాస్తారు. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ రాస్తే, బయల్దేరే ఒకట్రెండు రోజుల ముందు మొదలుపెట్టి రోజూ వేయాలి, తిరిగొచ్చాక ఇంకో 7 రోజులు వేయాలి. విమానం దిగగానే ఆపొద్దు. మీకు రాసిన మాత్రలు పిల్లలకు పంచొద్దు. డాక్సీసైక్లిన్ లాంటివి 8 ఏళ్ల లోపు వాళ్లకు పడవు.

వచ్చాక ఏడాది లోపు ఎప్పుడు జ్వరమొచ్చినా టైలెనాల్ వేసి చూద్దాంలే అనుకోవద్దు. వైవాక్స్ రకం కాలేయంలో దాక్కొని నెలల తర్వాత కూడా లేస్తుంది. ఇక్కడి డాక్టర్లకు మలేరియా అరుదు. అందుకే ఆస్పత్రిలో మొదటి మాట మీదే కావాలి: "ఇండియా వెళ్లొచ్చాం, మలేరియా రక్తపరీక్ష చేయండి."

జ్వరం ముదిరితే ఇచ్చే ఇంజెక్షన్ ఆర్టిసునేట్. 9 ఆఫ్రికా దేశాల్లో 5,425 మంది పిల్లలపై దాన్ని క్వినైన్‌తో పోల్చి చూశారు. ఫలితాలు 2010లో వచ్చాయి. క్వినైన్ ఇచ్చినవాళ్లలో నూటికి 10.9 మంది, ఆర్టిసునేట్ ఇచ్చినవాళ్లలో 8.5 మంది చనిపోయారు. అంటే వెయ్యి మందిలో 24 ప్రాణాలు నిలిచినట్టు. అమెరికాలో దానికి ఎఫ్‌డీఏ అనుమతి 2020లో వచ్చింది. రేపు మన బిడ్డకు ఆ మందు పడితే, ప్రాణం మీదున్న బిడ్డను పరిశోధనలో చేర్చడానికి ఒప్పుకున్న ఆ తల్లిదండ్రుల పుణ్యం కూడా అందులో ఉంది.

టికెట్ కొన్న రోజే డాక్టర్ అపాయింట్‌మెంట్ కూడా తీసుకోండి. పిల్లలు జాగ్రత్త. ఉంటాను.