కృతజ్ఞత: ఋణమెరిగిన జీవనము



ఒక గ్రామ గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిలిచి రజతోత్సవము జరుపుకొనుట సామాన్య విషయము కాదు. ఇట్టి సమయమున దాతలను స్మరించుట, కార్యకర్తలను సన్మానించుట ఆచారము. ఆచారము మంచిదే. కాని ఆ స్మరణ పూలదండతో ముగియునా, లేక నిత్యజీవితమున ప్రవేశించునా అను ప్రశ్న మిగిలియున్నది. ఆ ప్రశ్నను విచారించుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

'కృతజ్ఞుడు' అను మాటలోనే దాని తత్త్వము కలదు. కృతము అనగా చేయబడినది. తనకు చేయబడిన మేలును ఎరిగినవాడు కృతజ్ఞుడు. కనుక కృతజ్ఞత మొదట ఒక జ్ఞానము. నమస్కారము, సన్మానము దాని వెనుక వచ్చునవి. చేసిన మేలును చంపువాడు కృతఘ్నుడు. లోకమున సద్గుణవంతుడెవడని వాల్మీకి మహర్షి నారదుని అడిగినప్పుడు, ధర్మమెరిగినవాడు అను మాటను ఆనుకొనియే మేలెరిగినవాడు అను మాటను పలికెను. కిష్కింధాకాండమున సుగ్రీవుడు ఇచ్చిన మాట మరచి భోగములలో మునిగియుండగా, లక్ష్మణుడు వచ్చి, ఇతర పాపములకు పెద్దలు ప్రాయశ్చిత్తము విధించిరి గాని కృతఘ్నతకు విధింపలేదని హెచ్చరించెను. దీని అంతరార్థము సులభముగనే బోధపడును. ప్రాయశ్చిత్తము తప్పును తెలిసికొనుటతో మొదలగును. కృతఘ్నుడు తెలిసికొనుటనే నిరాకరించినవాడు. కన్ను మూసికొన్నవానికి దీపము వలన ప్రయోజనమేమి?

పల్లెలలో ధన్యవాదములను మాట నిత్యవ్యవహారమున అంతగా వినబడదు. అందువలన పల్లెవారికి కృతజ్ఞత లేదనుకొనుట పొరపాటు. "నీ మేలు మరువను", "నీ ఋణము తీర్చుకొనలేను", "చల్లగా ఉండు నాయనా" అను మాటలలో ఆ భావము నిండియున్నది. కనుమనాడు రైతు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో దండ వేసి, కడుపునిండ మేత పెట్టును. ఆ పశువులు ఏడాది పొడుగునా చేసిన పనిని ఎరుగుటయే ఆ పండుగ. ఇక మేలు మరచినవానిని పల్లె ఊరకనే విడువదు. ఏరు దాటు వరకు ఓడమల్లయ్య, దాటిన పిమ్మట బోడిమల్లయ్య అని ఎత్తిపొడుచును. తిన్న ఇంటి వాసములు లెక్కపెట్టువాడని నిందించును.

మానవుడు ఋణములతోనే పుట్టుచున్నాడని వేదము చెప్పుచున్నది. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అని అవి మూడు. శతపథ బ్రాహ్మణము నాలుగవదిగా మనుష్యఋణమును చేర్చి, తోటివారికి అన్నమును ఆశ్రయమును ఇచ్చుట వలన అది తీరునని పలికినది. ఇందులో గమనింపదగిన విశేషమొకటి కలదు. ఈ ఋణములలో పెక్కింటిని ఇచ్చినవారికే తిరిగి చెల్లించు వీలు లేదు. ఋషులు గతించిరి. వారు వెదకి కూర్చిన విద్యను చదువుట వలన, మరియొకరికి అందించుట వలన మాత్రమే వారి అప్పు తీరును. అనగా గ్రంథము తెరచిన పాఠకుడు కాలక్షేపము చేయుట మాత్రమే కాదు, తరతరముల బాకీలో కొంత చెల్లించుచున్నాడు.

ఈ సత్యమునకు విజయనగరమున జరిగిన కథయొకటి చక్కని నిదర్శనము. 1922లో కృష్ణా జిల్లా చౌటపల్లిలో జన్మించిన ఘంటసాల వేంకటేశ్వరరావు బాల్యముననే తండ్రిని పోగొట్టుకొని, సంగీతముపై మక్కువతో విజయనగరము చేరెను. 1919లో నెలకొన్న సంగీత కళాశాల అచ్చట కలదు. చేతిలో ధనము లేదు. పట్రాయని సీతారామశాస్త్రిగారు తామును పేదవారే అయియు, ప్రతిఫలము కోరక ఆ బాలునికి విద్య నేర్పిరి. ఆకలి తీర్చుకొనుటకు అతడు జోలె పట్టి, ఇల్లిల్లు తిరిగి మధుకరము ఎత్తెను. ఏ తల్లి ఏనాడు ఎంత అన్నము వేసినదో ఏ పుస్తకమునను వ్రాయబడలేదు. ఆ ముద్దలన్నిటికి ఆ తల్లులందరికి ఎవడు లెక్క చెప్పి తీర్చగలడు? కాని ఆ అన్నము కంఠమున నాదమై తెలుగునాట నలుమూలలకు ప్రవహించినది. 1974 ఫిబ్రవరి 11న ఆయన కన్నుమూయుటకు ముందు గానము చేసిన భగవద్గీత నేటికిని ఊరూర వినబడుచున్నది. విజయనగరపు వీధులలో పుచ్చుకొన్నదానిని ఆయన తెలుగువారందరికి పంచియిచ్చెను. ఆ గీతయందే మూడవ అధ్యాయమున, దేవతలిచ్చినది అనుభవించుచు తిరిగి ఇయ్యనివాడు దొంగయని భగవానుడు చెప్పియున్నాడు.

మేలు చేసినవానికే ప్రత్యుపకారము చేయవలెనను తొందర కూడ ఒక్కొక్కప్పుడు లోపమే యగును. ఉత్తరకాండమున శ్రీరాముడు హనుమంతునికి వీడ్కోలు పలుకుచు, నీవు చేసిన ఉపకారము నాయందే జీర్ణించుగాక అనెను. ప్రత్యుపకారమునకు అవకాశము కోరుట, ఉపకారికి ఆపద కలుగవలెనని కోరుటయే యగునని ఆయన భావము. ఎంత సున్నితమైన హృదయమిది! బాకీ చెల్లుచీటి వ్రాయించుకొనవలెనను ఆతురత అహంకారము నుండి పుట్టును. ఋణపడియుండుటకు అంగీకరించుట వినయము నుండి పుట్టును.

అయితే కృతజ్ఞత పేరిట మనుష్యుడు దాసుడు కావలెనా? ఈ సందేహము గ్రామ జీవితమున తరచుగా కలుగునదే. అప్పు ఇచ్చినవాడు, ఉద్యోగము వేయించినవాడు, సంస్థకు విరాళమిచ్చినవాడు, తన మాటయే చెల్లవలెనని కోరినచో ఏమి చేయవలెను? మహాభారతము ఇరువురిని చూపుచున్నది. అంగరాజ్యమిచ్చిన దుర్యోధనుని కర్ణుడు కడవరకు విడువలేదు. ఆ నిలుకడ గొప్పదే. కాని నిండు సభలో ద్రౌపదికి అవమానము జరుగుచుండగా మిత్రుని వారింపక, తానును పరుషముగా పలికెను. విదురుడును కౌరవుల ఇంటనే ఉండినవాడు. ఆయన మాత్రము ధృతరాష్ట్రునికి రుచింపకున్నను నిజమునే చెప్పెను. ఉప్పు తిన్న ఇంటికి నిజమైన మేలు చేసినదెవరు? మిత్రుని ఇష్టమును నెరవేర్చిన కర్ణుడు కాదు. ఆ ఇల్లు కూలకుండ కాపాడవలెనని ప్రయత్నించిన విదురుడు. మేలెరుగుట వేరు, ధర్మమును తాకట్టు పెట్టుట వేరు. ఉపకారమును చూపి ఊడిగము కోరువాడు దానమును వడ్డీ వ్యాపారముగా మార్చుచున్నాడు.

ఇక గ్రంథాలయము మాట. విశాఖపట్టణమున 1886లో మంతెన ఆదినారాయణమూర్తిగారు గ్రంథాలయము నెలకొల్పిరి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగినది. దానికి పూనుకొన్న అయ్యంకి వేంకట రమణయ్యగారు జీవితమంతయు ఆ ఉద్యమమునకే ధారపోసిరి. వీరి పేర్లు చరిత్రలో నిలిచినవి. నిలువని పేర్లు ఇంకను ఎన్నియో కలవు. 1948 నాటి మద్రాసు చట్టము, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్నును విధించినవి. అనగా, అక్షరము రాని కూలివాడు సైతము తన పూరియింటికి పన్ను కట్టిన నాడు, తాను చదువలేని పుస్తకమునకు కొంత వెల ఇచ్చినట్లే. ప్రభుత్వ గ్రంథాలయమున పుస్తకము పట్టిన ప్రతి చేతికిని ఆ శ్రమ అంటియున్నది. చదువుకొన్నవారు ఎన్నడైన ఆ దాతను తలంచిరా?

కొత్తవలస పేరులోనే వలస కలదు. ఎచ్చటి నుండియో వచ్చి నిలిచినవారు, బావి త్రవ్వినవారు, చెట్టు నాటినవారు ముందుండుటచే వెనుకటివారికి ఊరు దొరకినది. 1893, 1896 సంవత్సరముల మధ్య తూర్పుతీరపు రైలుమార్గము వేయబడినది. 1960 దశకమున బైలదిల్లా ఇనుప ఖనిజమును విశాఖపట్టణపు రేవునకు చేర్చుటకై కొత్తవలస నుండి కిరండూల్ వరకు కొండలు తొలిచి మార్గము వేసిరి. రాయి కొట్టినవారి పేర్లు ఏ స్టేషను గోడపైనను కానరావు. రైలెక్కినవారు మాత్రము నిశ్చింతగా ప్రయాణించుచున్నారు.

నేనే సంపాదించితిని, నేనే ఎదిగితిని అను భావము మనస్సును ఇరుకు చేయును. ఎందరో ఇచ్చినది నాయందు నిలిచినది అను ఎరుక దానిని విశాలము చేయును. కృతజ్ఞతకు గల ఆధ్యాత్మిక ఫలము ఇదియే. దానికి గొప్ప వ్రతములు అవసరము లేదు. తీసికొనిపోయిన పుస్తకమును చిరుగకుండ, గడువు దాటకుండ తిరిగి ఇచ్చుట కృతజ్ఞత. తరువాతి పాఠకుడు దాని కొరకు కాచుకొనియున్నాడు. చదువు రాని పెద్దవారి కడ కూర్చుండి వార్తాపత్రిక చదివి వినిపించుట కృతజ్ఞత. పన్ను కట్టిన ఆ చేతికి అది చెల్లింపు. దాత పేరు చెక్కిన పాలరాతి పలక క్రింద పాఠకులు లేని బల్ల ఉన్నచో, ఆ పలక ఎంత మెరసినను కృతఘ్నతయే. పలక లేకున్నను దీపము క్రింద నలుగురు పిల్లలు చదువుచున్నచో, అదియే దాతలకు, ఋషులకు, పేరు లేని కూలివానికి కూడ సరియైన వందనము.