చుక్కా, కామా
(మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి మాదాపూర్‌లో రాళ్లగుట్టలే ఎక్కువ. ఇప్పుడు అక్కడ కూర్చుని మన పిల్లలు అమెరికా, జర్మనీ కంపెనీల లెక్కలు చూస్తున్నారు. మా కోడలిదీ అకౌంట్స్ పనే. ఈమెయిల్లో 'నోటెడ్' అని రాసి చుక్క పెడితే, అవతలివారు "కోపమొచ్చింది కాబోలు" అనుకుంటారట! చుక్క లేకపోతే మన సూపరింటెండెంట్లు కాగితం తిప్పి పంపేవారు.

నవ్వకండి. ఒక మిత్రుడు ఇంటి అప్పు విషయంలో కొడుక్కి "సరే." అని పంపారు. నాన్నకు కోపమొచ్చిందని ఆ అబ్బాయి గచ్చిబౌలి నుంచి పని వదిలి పరుగున వచ్చాడు. ఆయన మామూలుగానే రాశారు, పాపం.

అంకెల దగ్గర మాత్రం పిల్లలు మనకంటే చాదస్తులు. మన పది లక్షలు 10,00,000; అమెరికావారికి అదే 1,000,000. జర్మన్లకు కామాయే దశాంశ బిందువు. వారు 1,250 అని రాస్తే ఒకటింబావు! బ్రాకెట్లో వేసిన అంకె నష్టం కింద లెక్క. మనం చివర /- గీసేది, పక్కన ఇంకో సున్నా ఎవరూ తగిలించకుండా.

కాబట్టి పిల్లలకు రాసేటప్పుడు చుక్క మానినా పరవాలేదు. పెన్షన్ గురించి బ్యాంకుకు రాసేటప్పుడు మాత్రం మొత్తాన్ని అక్షరాల్లో కూడా రాసి, చుక్క పెట్టండి. బ్యాంకు నొచ్చుకోదు.