కుటుంబమునకు ట్రస్టు అవసరమా?

పంచాయతీ సభ్యులారా,

తార్నాక మీదుగా ఈ విశ్వవిద్యాలయ ప్రాంగణమునకు వచ్చిన మీరు ఆర్ట్సు కళాశాల రాతి భవనమును చూచియే యుందురు. 1918లో ఉస్మానియాను స్థాపించి, 1939లో ఆ భవనమును ప్రారంభించిన ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్, తన సొంత ఆస్తి విషయమున చేసిన ఏర్పాటుతో నేటి ప్రసంగమును మొదలుపెట్టెదను.

సంస్థానము భారతదేశమున విలీనమైన పిమ్మట, 1950 మొదలుకొని ఆయన తన ఆస్తిలో అనేక భాగములకు ట్రస్టులు వ్రాసెను. 1951, 1952లలో ఆభరణములకై ట్రస్టులు ఏర్పడినవి. జాకబ్ వజ్రము అందులోనిదే. వారసులు అనేకులు, వజ్రమును పగులగొట్టి పంచుకొందురా? కావున నగలు ధర్మకర్తల చేతిలో ఒక్కచోట నిలిచినవి. ఆయన 1967లో మరణించెను. వ్యాజ్యములు సాగి సాగి, 1995లో కేంద్ర ప్రభుత్వము వానిని 218 కోట్ల రూపాయలకు కొనెను. ట్రస్టు ఆస్తిని చెదరనీయలేదు గాని, తగవులను తప్పింపలేదు. 1948లో లండను బ్యాంకునకు చేరిన పది లక్షల పౌనుల పైచిలుకు సొమ్ము ఎవరిదన్న తగవైతే 2019లో గాని తీర్పునకు రాలేదు. అంతటి ప్రభువు సొమ్మునకే ఈ గతి పట్టగా, మన మూడెకరముల కాగితములో “ఎవరి కొరకు” అను మాట స్పష్టముగా నుండవలదా?

ట్రస్టనగా, ఒకరి మేలు కొరకు మరియొకరు ఆస్తిని తమ పేర నుంచుకొని నడుపుట. దీనికి 1882 నాటి చట్టము కలదు. భూమికి, ఇంటికి నోటిమాట చాలదు. రిజిష్టరైన దస్తావేజు గాని, వీలునామా గాని ఉండవలెను.

పిల్లలు పెద్దవారై, తమ వ్యవహారము తాము చూచుకొనగలిగినచో ట్రస్టుతో పనిలేదు. ఇద్దరు సాక్షుల సంతకములు గల వీలునామా చాలును. దానిని రిజిష్టరు చేయుట తప్పనిసరి కాదు, కాని మంచిది. 2005 సవరణ ననుసరించి హిందూ ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకును కుమారునితో సమానముగా భాగము కలదు. తండ్రి వీలునామా ఆయన భాగమునకే చెల్లును. ఆస్తి వ్రాసియిచ్చిన పిదప బిడ్డలు అన్నము పెట్టరేమోనను భయమున్నచో, పోషింపవలెనను షరతును దస్తావేజులోనే వ్రాయించుడు. అది తప్పినచో 2007 నాటి చట్టము క్రింద ఆ బదిలీని రద్దు చేయించుకొనవచ్చును. ప్రతి ఇంటికిని ట్రస్టు కావలెనని చెప్పి రుసుము గుంజువారు పట్టణములలో లేకపోలేదు. ఏటేటా లెక్కలు వ్రాయవలెనని వారు ముందుగా చెప్పరు.

ఐతే ఎదిగినను బుద్ధి ఎదగని బిడ్డ గల ఇల్లు ప్రతి గ్రామమునను ఒకటి రెండైనను ఉండును. అచ్చటి తల్లిదండ్రులు పెద్దకొడుకు పేర అంతయు వ్రాసి, “తమ్ముని చూచుకొనుమురా” అని కన్నుమూయుదురు. పెద్దకొడుకు మంచివాడే కావచ్చును. కాని భూమి అతని పేర నున్నది. అతడు అప్పుపడినచో బాకీదారులు దానిని వేలమునకు తెత్తురు; అతడు మరణించినచో అతని వారసులకు పోవును. తమ్ముని పేరు ఏ కాగితములోను లేదు. ఇట్టి యింటికి ట్రస్టు కావలెను. ట్రస్టులోని భూమిపై ధర్మకర్త సొంత బాకీదారులకు హక్కు లేదు. దాని ఆదాయము తమ్ముని తిండికి, బట్టకు, మందులకు వినియోగపడవలెను.

దస్తావేజు వ్రాయించునపుడు ఇద్దరు ధర్మకర్తలను పెట్టించుడు. వారి తరువాత ఎవరో కూడ వ్రాయించుడు. తమ్ముని అనంతరము ఆ భూమి ఎవరికి దక్కునో వారి నొక్కరినే ధర్మకర్తగా నుంచుట నాకు సమ్మతము కాదు. అతడెంత త్వరగా పోయిన వారికంత లాభము గదా!

ఆ బిడ్డ సంరక్షకుని నియామకము వేరు విషయము. అందులకు 1999 నాటి చట్టము క్రింద జిల్లా కలెక్టరు సభ్యులుగా గల స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టవలెను. తల్లిదండ్రులు జీవించియుండగనే ఆ దరఖాస్తు వ్రాయుటలో వారికి మీరు తోడ్పడుడు.